బోరివలి స్టేషన్ నుంచి కన్హేరి గుహల దాకా అడవి నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

ముంబైలో లోకల్ రైలు దిగి ఇరవై నిమిషాలు నడిస్తే అడవి గేటు వస్తుంది. సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం అంటే పేరుకు పార్కు గానీ, వంద చదరపు కిలోమీటర్లకు పైబడిన నిజమైన అడవి. చిరుతలు తిరిగే అడవి. అందులో గేటు నుంచి కన్హేరి అనే పాత బౌద్ధ గుహల దాకా వెళ్ళే తారు రోడ్డు నడక గురించే ఈ ప్రశ్నలన్నీ. దీనికి ట్రెక్కింగ్ అనుభవం అక్కర్లేదు. పొద్దున్నే బయల్దేరగలిగితే సగం పని అయిపోయినట్టే.

మొత్తం ఎంత నడవాలి? కష్టంగా ఉంటుందా?

బోరివలి స్టేషన్ తూర్పు వైపు నుంచి గేటుకు కిలోమీటరు పైచిలుకు. గేటు నుంచి కన్హేరి దాకా ఆరు, ఏడు కిలోమీటర్ల మధ్య. గుహల దగ్గర మెట్లెక్కి దిగడంతో ఇంకో రెండు కిలోమీటర్లు తేలిగ్గా అవుతాయి. రానూపోనూ నడిస్తే పదహారు కిలోమీటర్లు దాటుతుంది. పైకి నడిచి, కిందికి పార్కు బస్సులో వస్తే పదికి కాస్త అటూ ఇటూ.

రోడ్డు మొదటి భాగం దాదాపు చదును. తరవాత మెల్లగా ఎక్కుతుంది. చివరి కిలోమీటరు, కిలోమీటరున్నర మాత్రం ఎత్తు బాగా తెలుస్తుంది. ఆయాసం వచ్చేది అక్కడే. రోజూ గంటసేపు నడిచే అలవాటున్నవాళ్ళు గంటన్నరలో పైకి చేరతారు. అలవాటు లేనివాళ్ళు రెండు గంటలు అనుకోవాలి. ఇక్కడ నడిచేవాళ్ళను దెబ్బతీసేది ఎత్తు కాదు, ముంబై ఉక్క. ఉష్ణోగ్రత 32 డిగ్రీలే ఉన్నా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. హైదరాబాదు ఎండకు అలవాటుపడినవాళ్ళు ఈ తేడాను తక్కువ అంచనా వేసి, నీళ్ళు చాలక ఇబ్బంది పడతారు.

ఏ రోజు వెళ్ళాలి? ఎన్నింటికి?

సోమవారం పార్కుకు సెలవు, గుహలకూ సెలవే. వారాంతంలో ముంబై చూడ్డానికి వచ్చి, తిరుగు రైలు సోమవారం రాత్రికి పెట్టుకుని, ఆ పగలు ఖాళీ కదా అని ఇక్కడికి వచ్చి గేటు దగ్గరి నుంచే వెనక్కి వెళ్ళేవాళ్ళు చాలామంది.

మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏ రోజైనా హాయి. శనివారం ఫరవాలేదు. ఆదివారం, అందులోనూ జూలై, ఆగస్టు ఆదివారాలు మాత్రం అడవికి వచ్చామా తిరునాళ్ళకు వచ్చామా అనిపిస్తుంది.

సందర్శకులకు గేటు పొద్దున ఏడున్నరకు తెరుస్తారు. అంతకు ముందు కనిపించే జనం పాసులున్న రోజువారీ నడకవాళ్ళు. ఏడున్నరకల్లా గేటు దగ్గరుంటే తొమ్మిదిన్నరకు గుహలు చేరతారు, ఎండ ముదిరేలోపు గుహల నీడలో ఉంటారు. పది గంటలకు గేటు దాటినవాళ్ళు ఆ చివరి ఎత్తును సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఎక్కుతారు. నడక అదే, కష్టం రెట్టింపు.

చర్చ్‌గేట్, దాదర్ వైపు నుంచి ఏ రైలు ఎక్కాలి?

పశ్చిమ రైల్వే లోకల్. చర్చ్‌గేట్, మరీన్ లైన్స్, దాదర్, బాంద్రా, అంధేరి వరుసలోనే బోరివలి వస్తుంది. బోరివలి అని రాసి ఉన్న రైలైనా, విరార్ అని రాసి ఉన్న రైలైనా పనికొస్తుంది. చర్చ్‌గేట్ నుంచి ఫాస్ట్ లోకల్‌కు సుమారు యాభై నిమిషాలు, స్లోకు గంటా పది నిమిషాలు. స్లో రైలు అన్ని స్టేషన్లలో ఆగుతుంది, ఫాస్ట్ ముఖ్యమైన వాటిలోనే. మీరు ఎక్కే స్టేషన్‌లో ఫాస్ట్ ఆగకపోతే ఎదురుచూడకుండా స్లో ఎక్కేయండి.

రద్దీ గురించి భయపడేవాళ్ళకు ఒక మంచి మాట. పొద్దున జనమంతా ఉత్తరం నుంచి దక్షిణానికి, ఆఫీసుల వైపు వస్తారు. మీరు దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తారు. సాయంత్రం వాళ్ళు వెనక్కి, మీరూ వెనక్కి. రెండుసార్లూ మీది ఎదురు దిశ. ఏడు గంటలప్పుడు కూడా కూర్చోవడానికి చోటు దొరికే అవకాశమే ఎక్కువ. మీ బస బోరివలికి ఉత్తరాన, వసయి, విరార్ వైపు ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. పొద్దున విరార్ నుంచి వచ్చే ఫాస్ట్ రైళ్ళలోంచి బోరివలిలో దిగడమే ఒక విద్య. అటు నుంచి వచ్చేవాళ్ళు మరీ తెల్లవారుజామునైనా రావాలి, స్లో అయినా ఎక్కాలి.

ఆదివారం పట్టాల మరమ్మతు కోసం జంబో బ్లాక్ పెడుతుంటారు, సాధారణంగా పగలు పది నుంచి మూడు మధ్య. ఆ వేళ కొన్ని రైళ్ళు రద్దవుతాయి, ఫాస్ట్ రైళ్ళను స్లో పట్టాల మీదికి మళ్ళిస్తారు. పొద్దున వెళ్ళేవాళ్ళకు ఇది తగలదు, తిరుగు ప్రయాణంలో తగులుతుంది.

హైదరాబాదు నుంచి రాత్రి రైల్లో వచ్చి, దిగిన రోజే వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు. కాకపోతే సామాను సంగతి ముందు తేల్చుకోవాలి. సీఎస్ఎంటీలో (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో) దిగితే అక్కడి క్లోక్ రూమ్‌లో పెట్టుకోవచ్చు. ప్రతి సంచికీ తాళం ఉండాలి, ప్రయాణ టిక్కెట్టు చూపించాలి. జిప్పుకు తాళం లేని సంచిని తీసుకోరు, కాబట్టి రెండు చిన్న తాళాలు ఇంటి నుంచే తెచ్చుకోండి.

మీ రైలు దాదర్‌లో ఆగేదైతే అక్కడే దిగడం మేలు. దాదర్ స్టేషన్ మధ్య రైల్వేకీ, పశ్చిమ రైల్వేకీ ఉమ్మడి. ఒకటి నుంచి ఏడు దాకా ప్లాట్‌ఫారాలు పశ్చిమ రైల్వేవి, ఎనిమిది నుంచి మధ్య రైల్వేవి. 2023 డిసెంబరుకు ముందు రెండు వైపులా ఒకటి నుంచే అంకెలుండేవి; పాత సలహాలు పట్టుకుని వెళ్తే అక్కడే తికమక. పాదచారుల వంతెన మీదుగా పశ్చిమం వైపు దాటి బోరివలి రైలు ఎక్కాలి. పెద్ద సూట్‌కేసుతో పొద్దున ఎనిమిది గంటల దాదర్ వంతెన ఎక్కవద్దు, అంతే.

లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో దిగినవాళ్ళు కుర్లా స్టేషన్‌కు చేరి, అక్కడి నుంచి దాదర్ వెళ్ళి పశ్చిమ రైల్వేకు మారాలి. లేదంటే కింద చెప్పిన మెట్రో దారి.

మా బస ఘాట్కోపర్, ఠాణే వైపు. దాదర్ దాకా వెళ్ళకుండా దారి లేదా?

ఉంది. మధ్య రైల్వేలో ఘాట్కోపర్ దిగి మెట్రో మొదటి లైను ఎక్కండి. వెస్టర్న్ ఎక్స్‌ప్రెస్ హైవే అనే స్టేషన్‌లో దిగితే, దానికి కలుపుతూ గుందవలి స్టేషన్ ఉంటుంది. అక్కడ ఏడో లైను ఎక్కి దహిసర్ వైపు వెళ్తే రాష్ట్రీయ ఉద్యాన్ అనే స్టేషన్ వస్తుంది. పార్కు గేటుకు దగ్గరి స్టేషన్ అదే, బోరివలి రైల్వే స్టేషన్ కంటే దగ్గర. ఏసీ, రద్దీ తక్కువ. ఖర్చు లోకల్ కంటే ఎక్కువే, అయినా పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్తుంటే పెట్టదగిన ఖర్చు.

లోకల్ రైలు టిక్కెట్టు దగ్గర కొత్తవాళ్ళు ఎక్కడ పొరబడతారు?

మూడు చోట్ల. మామూలు రెండో తరగతి టిక్కెట్టుతో ఫస్ట్ క్లాస్ పెట్టెలో ఎక్కడం మొదటిది. బయటి నుంచి చూస్తే రెండు పెట్టెలూ ఒకేలా కనిపిస్తాయి. తలుపు పక్కన రాసి ఉన్నది చదవాలి, ప్లాట్‌ఫారం మీద ఆ పెట్టె ఆగే చోట గీతల గుర్తులుంటాయి. రెండోది ఏసీ లోకల్: దాని టిక్కెట్టు వేరు, మామూలు టిక్కెట్టుతో ఎక్కితే జరిమానా. మూడోది మహిళల పెట్టె. కుటుంబంతో ఉన్నా మగవాళ్ళు అందులో ఎక్కకూడదు. ఆడవాళ్ళు అటూ మగవాళ్ళు ఇటూ ఎక్కేటట్లయితే బోరివలిలో ఏ వంతెన దగ్గర కలుసుకోవాలో ముందే చెప్పుకోండి.

పొద్దున కౌంటర్ల దగ్గర వరస ఉంటే టిక్కెట్టు యంత్రాల దగ్గరికి వెళ్ళండి. తిరుగు టిక్కెట్టు కూడా అప్పుడే తీసుకుంటే సాయంత్రం ఇంకో వరస తప్పుతుంది.

స్టేషన్ నుంచి గేటుకు ఎలా?

తూర్పు వైపు దిగండి. పొరపాటున పడమర వైపు దిగితే మళ్ళీ వంతెన ఎక్కి రావాలి. ఆటో అతనికి పూర్తి పేరు చెప్పనక్కర్లేదు, 'నేషనల్ పార్క్ గేట్' అంటే చాలు. హిందీ వస్తే ఎక్కడా ఇబ్బంది ఉండదు. నడిచినా పదిహేను, ఇరవై నిమిషాలే. గేటు హైవే పక్కనే ఉంటుంది. రోడ్డు దాటేటప్పుడు సిగ్నల్ దగ్గరే దాటండి. మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే ప్రమాదకరమైన వంద మీటర్లు అవే, చిరుతల సంగతి తరవాత.

టిఫిన్ గేటు బయటే ముగించుకోవాలి. లోపల దొరికేదాన్ని నమ్ముకుని ఖాళీ కడుపుతో నడక మొదలుపెట్టకండి.

ఎన్ని టిక్కెట్లు కొనాలి?

రెండు. అడవి శాఖ ప్రవేశ రుసుము మెయిన్ గేటు దగ్గర. గుహల టిక్కెట్టు పైన, పురావస్తు శాఖ కౌంటర్ దగ్గర. భారతీయులకు 25 రూపాయలు, పదిహేనేళ్ళ లోపు పిల్లలకు లేదు. అప్పటికప్పుడు ఫోన్‌లో డబ్బు కడదామనుకుంటే పైన సిగ్నల్ ఎప్పుడూ దొరుకుతుందన్న భరోసా లేదు. చిల్లరతో కొంత నగదు ఉంచుకోండి. ఆరు కిలోమీటర్లు ఎక్కాక టిక్కెట్టు దగ్గర ఆగిపోవడం కంటే విసుగు ఇంకోటి ఉండదు.

పులి సఫారీ, పడవలు వంటివి గేటు దగ్గరి భాగంలో విడిగా ఉంటాయి, వాటి టిక్కెట్లు వేరు. నడకకు వచ్చినవాళ్ళు పొద్దున వాటి జోలికి వెళ్తే చల్లటి వేళంతా వరసలోనే గడిచిపోతుంది.

నడవాలా, బస్సా, సైకిలా?

పైకి నడక, కిందికి బస్సు. చాలామంది దీన్ని తిప్పి చేస్తారు: ఎక్కడం కష్టం కదా అని పైకి బస్సెక్కి, కిందికి నడుస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కిందికి నడిచే వేళకు పన్నెండు దాటుతుంది, రోడ్డు కాలిపోతుంటుంది, పిట్టలు ఎప్పుడో సద్దుమణిగి ఉంటాయి. పొద్దున ఎనిమిదికి అదే రోడ్డు మీద నీడా ఉంటుంది, చప్పుళ్ళూ ఉంటాయి. పైగా దిగుడులో మోకాళ్ళ మీద పడే భారం ఎక్కువ. యాభై దాటినవాళ్ళకు ఎక్కడం కంటే దిగడమే నొప్పి తెస్తుంది.

బస్సు నిండితే గానీ కదలదన్నట్టు ఉంటుంది కొన్ని రోజులు. పైకి చేరగానే తిరుగు బస్సుల వేళలు, ఆఖరి బస్సు ఎప్పుడో అడిగి పెట్టుకోండి. సైకిళ్ళు గేటు వైపు అద్దెకు దొరుకుతాయి. తీసుకునే ముందు రెండు బ్రేకులూ, గొలుసూ, సీటు ఎత్తూ చూడండి. పైకి తొక్కుకుంటూ పోవడం కంటే, తిరిగి వచ్చేటప్పుడు బ్రేకు పట్టని సైకిల్‌తో ఆ వంపుల్లో దిగడం అసలు పరీక్ష.

దారిలో చూడ్డానికి ఏముంటుంది?

నడక మొదట్లో రోడ్డుకు దగ్గరగా దహిసర్ నది కనిపిస్తుంది. తులసి సరస్సు వైపు నుంచి వచ్చే చిన్న నది అది. వేసవిలో రాళ్ళ మధ్య మడుగులే మిగులుతాయి, వానల్లో గట్టుదాకా పారుతుంది.

అడవి ఎక్కువ భాగం ఆకురాల్చేది. టేకు, వెదురు, మోదుగ, బూరుగ, తెల్లటి బెరడుతో రాత్రిపూట భయపెట్టేలా నిలబడే తపసి చెట్లు. తెలుగువాళ్ళకు కొత్త చెట్లు తక్కువే. డిసెంబరు దాకా అడవి పచ్చగా మూసుకుని ఉంటుంది. ఫిబ్రవరి వచ్చేసరికి ఆకులు రాలి లోపలికి వంద అడుగుల దూరం చూపు పోతుంది. జంతువులు, పిట్టలు కనబడాలంటే ఆ రోజులే మంచివి. మోదుగ, బూరుగ పూతకొచ్చేదీ అప్పుడే. ఒక్క బూరుగ చెట్టు కింద పది నిమిషాలు నిలబడి చూడండి. పూలలో తేనె కోసం మైనాలు, చిలకలు, కాకులు, ఉడతలు వరసగా వస్తాయి; కింద పడిన మందపాటి ఎర్రరేకుల కోసం చుక్కల దుప్పులు కూడా వస్తాయి.

కర్వి అనే పొద ఇక్కడి ప్రత్యేకత. వాలుల మీద గుంపులుగా పెరుగుతుంది. ఎనిమిదేళ్ళకోసారి కొండంతా ఒకేసారి ఊదారంగులో పూసి, గింజలు రాల్చి, ఎండిపోతుంది. 2016లో అలా పూసింది. మిగతా ఏళ్ళలో అది గరుకు ఆకుల పొదే, చూసి దాటిపోతాం.

సీతాకోకచిలకల్లో నల్లటి రెక్కల మీద నీలి మచ్చలున్న పెద్దది కనబడితే అది బ్లూ మార్మన్. 2015లో మహారాష్ట్ర దాన్ని రాష్ట్ర సీతాకోకచిలకగా ప్రకటించింది. వానలు తగ్గే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రోడ్డు పక్క తడిమట్టి మీద వాలుతుంది.

గుహలు వందకు పైనే అంటారు. రెండు గంటల్లో ఏవి చూడాలి?

నూట తొమ్మిది అని లెక్క. అన్నీ చూడక్కర్లేదు, చాలావరకు ఒక వసారా, ఒక గది, పడుకోవడానికి ఒక రాతి అరుగు. బౌద్ధ భిక్షువులు వానాకాలం గడపడానికి తొలిచినవి. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దం నుంచి సుమారు వెయ్యేళ్ళపాటు ఇక్కడ తొలుస్తూనే ఉన్నారు.

మూడో గుహతో మొదలుపెట్టండి. టిక్కెట్టు కౌంటరు దాటి మెట్లెక్కగానే కుడివైపున వచ్చే వాటిలో అదే పెద్దది. చైత్యం, అంటే ప్రార్థన మందిరం. లోపల రెండు వరసల స్తంభాలు, చివర స్తూపం. వసారాకు రెండు పక్కలా దాదాపు ఏడు మీటర్ల బుద్ధ విగ్రహాలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. లోపలికి వెళ్ళే తొందరలో చాలామంది వాటి పాదాల దగ్గరి నుంచే తల ఎత్తకుండా దాటిపోతారు. ఈ గుహ ప్రవేశం దగ్గర శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు శాసనం ఉంది. మన బాపట్ల వైపు చినగంజాంలో శాసనం దొరికింది కూడా ఈ రాజుదే. పడమటి సముద్రం నుంచి తూర్పు సముద్రం దాకా ఆయన ఏలుబడి అని పాఠంలో చదివినదానికి రెండు కొసలూ ఇవే.

అక్కడి నుంచి అయిదో గుహ దగ్గరి నీటితొట్టి చూడండి. దాని పైనున్న శాసనం ఇంకో శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణిని మహాక్షత్రపుడి, అంటే పడమటి శక రాజు, కూతురుగా చెబుతుంది. ఆ మహాక్షత్రపుడు రుద్రదాముడని పండితుల మాట. శాతకర్ణిని రెండుసార్లు ఓడించినా దగ్గరి బంధుత్వం వల్ల నాశనం చేయలేదని రుద్రదాముడు జునాగఢ్ శాసనంలో చెప్పుకున్నాడు కదా, ఆ బంధుత్వానికి ఇక్కడ జవాబు దొరుకుతుంది. ఇంత కథ ఉన్న రాయి ముందు ఎవరూ ఆగరు. బోర్డు చిన్నది, తొట్టి మామూలుగా ఉంటుంది.

తరవాత పదకొండో గుహ. పెద్ద హాలు, నేలంతా పొడుగునా రెండు వరసల తక్కువ ఎత్తు రాతి బల్లలు. దర్బారు అని పిలుస్తారు. తొమ్మిదో శతాబ్దపు రాష్ట్రకూటుల కాలపు శాసనం ఇందులో ఉంది. ఓపిక ఉంటే ముప్పై నాలుగో గుహ పైకప్పులో సగంలో ఆగిపోయిన వర్ణచిత్రాలు, నలభై ఒకటిలో పదకొండు తలల అవలోకితేశ్వరుడు అనే బోధిసత్వుడు, తొంభైలో పహ్లవీ అనే పాత పారశీక లిపి రాతలు చూడవచ్చు. ఆ రాతలు 1009లోను, 1021లోను ఇక్కడికి వచ్చిన పార్శీ యాత్రికుల పేర్లు. వెయ్యేళ్ళ కిందట పేర్లు చెక్కినవాళ్ళను ఇప్పుడు పండితులు చదువుతున్నారని, మీరూ మొదలుపెట్టకండి: రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

గుహల ముందు రాతిలో గుంటలు, కాలువలు ఎందుకున్నాయి?

అవి నీటి ఏర్పాట్లు. నాకడిగితే, శిల్పాల కంటే కన్హేరిలో తెలివి కనబడేది వీటిలోనే. ఈ కొండ గట్టి నల్లరాయి. వాన నీళ్ళు ఇంకవు, జారిపోతాయి. నాలుగు నెలలు కుండపోత, ఎనిమిది నెలలు చుక్క ఉండదు. అందుకని కొండ వాలు మీద చెయ్యి పట్టేంత వెడల్పు కాలువలు చెక్కి, నీటిని గుహల పక్కన తొలిచిన తొట్లలోకి మళ్ళించారు. మూతి చిన్నగా, లోపల వెడల్పుగా ఉండేలా తొలిచారు. ఎండ తగిలే భాగం తక్కువ, ఆవిరయ్యేదీ తక్కువ. వాన పడుతుండగా ఎవరైనా వెళ్తే, ఏ గాడి ఏ తొట్టికి పోతుందో కళ్ళతోనే చూడొచ్చు. తొట్టి మూతుల దగ్గర పిల్లల చెయ్యి వదలకండి. లోతు పైకి తెలియదు. ఆ నీళ్ళు తాగవద్దు.

చిరుతలు నిజంగా ఉన్నాయా? భయపడాలా?

ఉన్నాయి. పగటిపూట తారు రోడ్డు మీద గుంపుగా నడిచేవాళ్ళకు ఎదురుపడటం అరుదు. చిరుత పొద్దుగూకాక, తెల్లవారుజామున తిరిగే జంతువు, మనిషి అలికిడికి తప్పుకుంటుంది. అయినా పద్ధతి పద్ధతే. చీకటి పడేలోపు గేటు దాటాలి. చిన్నపిల్లలు ముందు పరుగెత్తకుండా, వెనకబడకుండా పెద్దవాళ్ళ మధ్య నడవాలి. పొదల పక్కన ఒంటరిగా వంగి కూర్చోవద్దు. వంగిన మనిషి ఎత్తు తగ్గి చిన్న జంతువులా కనిపిస్తాడు. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు వద్దు.

ఎదురుపడితే పరుగెత్తకండి, కూర్చోకండి. పిల్లల్ని ఎత్తుకోండి, నిటారుగా నిలబడి, చేతులెత్తి గట్టిగా మాట్లాడుతూ, వీపు చూపించకుండా మెల్లగా వెనక్కి జరగండి. దానికి తప్పుకునే దారి వదలండి. ఫోటో కోసం ముందుకు వెళ్ళడం మాత్రం వద్దు.

కోతుల సంగతి?

చిరుతను చూసినవాళ్ళు ఎవరూ దొరకరు, కోతి చేతిలో సంచి పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం ప్రతి బస్సులో ఉంటారు. గుహల దగ్గర వాటికి ప్లాస్టిక్ కవరు గలగలమంటే తిండి అని తెలుసు. చేతిలో ఏదీ పట్టుకోకండి. తిండి జిప్పు సంచిలో, సంచి రెండు భుజాలకు. కళ్ళలోకి చూసి పళ్ళు కనబడేలా నవ్వితే కోతి దాన్ని బెదిరింపుగా తీసుకుంటుంది. లాక్కుంటే వదిలేయండి, పెనుగులాడితేనే కరుస్తుంది, గీరుతుంది. కరిచినా, గీరినా సబ్బుతో పారే నీళ్ళ కింద పావుగంట కడిగి, అదే రోజు రేబీస్ టీకా మొదలుపెట్టాలి.

వానాకాలంలో వెళ్ళవచ్చా?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా అడవి అందం వేరు, నిజమే. తారు రోడ్డు దాకా ఇబ్బంది లేదు. జారుడంతా గుహల దగ్గర మెట్ల మీద. నల్లరాయి మీద సన్నని నాచు పట్టి, తడిగా ఉన్నప్పుడు సబ్బు రాసినట్టు ఉంటుంది. అరిగిన అడుగున్న స్పోర్ట్స్ బూట్లు, నున్నటి రబ్బరు చెప్పులు పనికిరావు. మెట్టు మధ్యలో అరిగిన గుంటలో కాకుండా, గరుకుగా మిగిలిన అంచు వైపు కాలు వేయండి. దిగేటప్పుడు పక్కకు తిరిగి దిగండి.

వాగుల్లోకి మాత్రం దిగవద్దు. పైన కొండ మీద పడిన వాన పది నిమిషాల్లో కిందికి వస్తుంది. మీ నెత్తిన చుక్క పడకపోయినా మోకాలి లోతు వాగు నడుం దాటుతుంది. నీళ్ళు తేటగా ఉన్నవి ఒక్కసారిగా బురద రంగుకు తిరిగినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలి. ఇంకో మాట: ముంబైలో వాన జోరుగా ఉన్న రోజు పట్టాల మీద నీళ్ళు నిలిచి లోకళ్ళు ఆగిపోతాయి. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజు ఈ నడక మానుకోవాలి. గొడుగు కంటే రెయిన్‌కోటు మేలు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

ఏమేం పట్టుకెళ్ళాలి?

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, మార్చి నుంచి మే దాకా అయితే మూడు. స్టీలు సీసాలో. పార్కులో ప్లాస్టిక్‌కు ఆంక్షలున్నాయి, గేటు దగ్గర సంచులు చూస్తారు. ఒక లీటరులో ఓఆర్ఎస్ పొడి కలుపుకుంటే ఆ ఉక్కలో కాళ్ళు పట్టేయవు. టోపీ, దోమలకు రాసుకునే క్రీమ్, పొడుగు ప్యాంటు, చెమట తుడుచుకోవడానికి తువ్వాలు. గుహల లోపలి మూలలు, ముఖ్యంగా పైకప్పు చూడటానికి చిన్న టార్చి. చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక గుడ్డసంచి. మద్యం, సిగరెట్లు, అగ్గిపెట్టె, స్పీకరు, డ్రోను తేవద్దు.

చిన్నపిల్లలు, పెద్దవాళ్ళతో వెళ్ళవచ్చా?

ఆరేడేళ్ళు దాటిన పిల్లలు పైకి నడవగలరు, కిందికి బస్సు ఉంటే. తోపుడు బండి తారు రోడ్డు దాకానే. గుహల దగ్గర అంతా మెట్లే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను రెండు వైపులా బస్సులోనే తీసుకెళ్ళి, ఒకటి నుంచి మూడు దాకా గుహలు చూపించి అక్కడే నీడలో కూర్చోబెట్టండి. మిగతావాళ్ళు పైకి వెళ్ళి రావచ్చు. మరుగుదొడ్లు గేటు దగ్గరా, గుహల దగ్గరా ఉన్నాయి. మధ్యలో ఉన్నాయనుకుని బయల్దేరకండి.

రోడ్డు వదిలి కాలిబాటల్లో వెళ్ళవచ్చా? తులసి సరస్సు చూడవచ్చా?

అనుమతి లేకుండా కూడదు. విహార్ సరస్సు 1860లో, తులసి 1879లో ముంబైకి తాగునీటి కోసం కట్టినవి, ఇప్పటికీ ఊరికి నీళ్ళిస్తున్నాయి. అటు ప్రవేశం లేదు. కాలిబాటలు చాలావరకు అడవిలో కాపురముండే వార్లీ ఆదివాసుల పాడాలకు, అంటే చిన్న పల్లెలకు, పోయేవి. మనం విహారానికి పోయే దారి వాళ్ళ ఇంటి వాకిలి. కాలిబాట నడక కావాలంటే శిలోండా బాటకు అడవి శాఖ అనుమతితో, గైడుతో వెళ్ళవచ్చు. గేటు లోపల ఉన్న ప్రకృతి సమాచార కేంద్రంలో ముందుగా అడగాలి, వెళ్ళిన రోజు పొద్దున కాదు.

పాము కరిస్తే?

నాగుపాము, రక్తపింజరి, వెదురు పొదల్లో ఉండే ఆకుపచ్చ విషసర్పం ఈ అడవిలో ఉన్నాయి. రోడ్డు మీద నడిచేవాళ్ళకు ప్రమాదం తక్కువ. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టడం, ఎండుటాకుల్లో చూడకుండా కాలు వేయడం వల్లే కాట్లు జరుగుతాయి. కరిస్తే కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, ఆ కాలునో చేతినో కదలకుండా ఉంచి, నడిపించకుండా వాహనంలో దించండి. 108కి ఫోన్ చేయండి, సిగ్నల్ లేకపోతే టిక్కెట్టు కౌంటర్ సిబ్బందికి చెప్పండి. పామును పట్టుకోవడానికో చంపడానికో సమయం పోగొట్టవద్దు.

తిరుగు ప్రయాణం ఎలా పెట్టుకోవాలి?

గుహల నుంచి పన్నెండున్నరకు బయల్దేరితే ఒంటిగంటన్నరలోపు బోరివలిలో ఉంటారు, భోజనం స్టేషన్ పక్కన చేయవచ్చు. కొన్ని రైళ్ళు బోరివలి నుంచే చర్చ్‌గేట్‌కు బయల్దేరతాయి. విరార్ నుంచి నిండి వచ్చే ఫాస్ట్ కంటే అవి ఖాళీగా ఉంటాయి. అలసిన కాళ్ళతో నిలబడటం కంటే పది నిమిషాలు ఆగి వాటిలో కూర్చుని వెళ్ళడం మంచిది. ప్లాట్‌ఫారం మీది బోర్డులో గమ్యం, స్లోనా ఫాస్టా అన్నది రెండూ చూసుకోండి. రాత్రికి హైదరాబాదు రైలు ఉంటే బోరివలి నుంచి దాదర్ మీదుగా సీఎస్ఎంటీకి గంటన్నర, సామాను తీసుకోవడానికి అరగంట, ఆదివారమైతే బ్లాక్ కోసం ఇంకో గంట కలుపుకుని బయల్దేరండి.